ఎర్ర గుంజల మధ్య

"వేలు బయట పెట్టు."

"బయటే ఉంది చీఫ్‌గారూ."

"ఇంకొంచెం బయట. మీట ఎక్కడుందో నీ వేలికి తెలియకూడదు."

"అరటిపండుకి మీట ఎక్కడుంటుందండీ?"

"నవ్వులాట కాదు. కాల్చే వంతు వచ్చేదాకా, తుపాకులు సర్దుకునే ఆ బల్ల దగ్గర తప్ప ఇక్కడెవరూ తుపాకి ఒరలోంచి తియ్యకూడదు. అందుకే పండుతో నేర్పిస్తున్నా. పండుతో తప్పు చేసేవాడు తుపాకితోనూ చేస్తాడు."

"కొత్తగా వచ్చినవాళ్లందరికీ పండే ఇస్తారా, నాకొక్కదానికేనా?"

"అందరికీ నేర్పించే తీరిక నాకెక్కడిది? నడువు. ఎడమవైపు ఆరడుగులు. నీ చూపు ఎటైనా పోనీ, పండు మాత్రం ఎదర కొండ వైపే ఉండాలి. ఆఁ! చూశావా? ఒళ్లు తిరిగేసరికి పండూ తిరిగింది."

"కొంచెమే తిరిగింది."

"కొంచెం అనే మాట ఇక్కడ చెల్లదు. మళ్లీ నడువు."

సెబూ దీవిలో దానావ్ ఊరి వెనక, సున్నపురాయి తవ్వుకుని వదిలేసిన గొయ్యి. ఆదివారం పొద్దున. ఎపిఫానియోకి డెబ్బై రెండేళ్లు, ఈ పిస్తోలు పోటీల క్లబ్బుకి పెద్ద నిర్ణేత, అందరికీ చీఫ్ పానో. జునలిన్ ఆయన కొడుకు కూతురు, ఇరవై రెండేళ్లది, పోటీకి దిగడం ఇవాళే మొదలు. తాతా మనవరాళ్లకి పరిచయమై ముప్పై ఎనిమిది రోజులైంది, అదీ ఆ పిల్ల తండ్రి శవపేటిక పక్కన. ఇంత ఆలస్యమైనందుకు ఇద్దరూ సిగ్గుపడుతూనే ఉన్నారు, ఒకళ్లకొకళ్లు చెప్పుకోరు, అంతే.

"ఇప్పుడు బాగుందా?"

"ఫరవాలేదు. కూర్చో. ఆ పండు తినెయ్యి, నలిగిపోయింది. నేను చెప్పేది విను. ఇది నిలబడి ఊపిరి బిగబట్టి కాల్చే ఆట కాదు. పరిగెత్తాలి, గోడ చాటునించి ఒంగి కాల్చాలి, పరిగెడుతూనే తూటాల మేగజీన్ మార్చాలి. గడియారం నడుస్తూ ఉంటుంది. గురీ కావాలి, వేగమూ కావాలి."

"క్లాసులో చెప్పారు."

"చెప్పినా మళ్లీ విను. పోటీకి అయిదు స్టేజీలు. ప్రతి స్టేజీలో అటొకటి ఇటొకటి ఎర్ర గుంజలు పాతి ఉంటాయి. తుపాకి మూతి ఎప్పుడూ ఆ రెండు గుంజలకీ అవతలే ఉండాలి, కొండ వైపు. గుంజ దాటి ఇవతలికి, మనుషుల వైపుకి తిరిగిందో, ఆట అయిపోయినట్టే. ఆ ఒక్క స్టేజీ కాదు, రోజంతా పోయినట్టే. పెట్టె సర్దుకుని ఇంటికెళ్లడమే."

"అదీ చెప్పారు. మీ కథ కూడా చెప్పారు."

"నా కథేంటి?"

"మీకు తెలీదా? కొత్తవాళ్ల క్లాసులో మొదటి రోజే చెప్తారు. 'ఇక్కడ న్యాయం అంటే చీఫ్ పానో. ఇరవై నాలుగేళ్ల కిందట సొంత కొడుకు మొదటిసారి పోటీకి దిగాడు. మూతి గుంజ దాటింది. చీఫ్ పానో ఆగు అని అరిచాడు, కన్నకొడుకుని అందరి ముందూ ఇంటికి పంపించేశాడు. రెప్ప కూడా వాల్చలేదు.' ఇదీ కథ."

"ఎవడా చెప్పింది?"

"ఎవరైతే ఏంలెండి. క్లాసంతా చప్పట్లు కొట్టారు."

"నీ ఇంటిపేరు చూడలేదా వాడు?"

"అమ్మ పుట్టింటి పేరు రాశాను. నేనూ కొట్టాను చప్పట్లు."

"నువ్వా?"

"అందరూ కొడుతున్నారు, నేనొక్కదాన్నే చేతులు ముడుచుకుని కూర్చుంటే చూస్తారుగా. కొట్టాను. ఇంటికెళ్లి ఏడ్చాను."

"చెప్తాను వాళ్లకి. ఆ కథ మానెయ్యమని చెప్తాను."

"ఎందుకు మానెయ్యడం? నిజమేగా."

"ఎండెక్కుతోంది. టోపీ తెచ్చుకున్నావా?"

"తెచ్చుకున్నాను. చీఫ్‌గారూ, నేనిక్కడికి సరదాకి రాలేదు. మీకు తెలుసుగా?"

"సరదాకి వచ్చేదానివైతే మీ నాన్న పోయిన వారానికే క్లాసులో పేరు రాయించుకోవు. అడగకూడదని ఊరుకున్నాను."

"అడగండి."

"ఎందుకొచ్చావు?"

"నాన్న మూడో స్టేజీలో ఆగిపోయాడు. నేను అయిదూ పూర్తి చేస్తాను. ఎన్ని పాయింట్లొచ్చినా సరే, ఆఖరు నంబరొచ్చినా సరే. చివరిదాకా ఆడింది అని మీ సంతకంతో ఒక స్కోరు కాగితం కావాలి. ఎల్లుండికి నాన్న పోయి నలభయ్యో రోజు. ఆ కాగితం సమాధి మీద పెట్టి ఒక మాట చెప్పాలి ఆయనకి."

"ఏ మాట?"

"మన చేతులు మంచివే నాన్నా అని."

"చేతులేంటి?"

"తరవాత చెప్తాను. ముందు మీరు నన్ను ఇంటికి పంపించకుండా ఉంటే చాలు."

"నీ మూతి దాటకపోతే నేనెందుకు పంపిస్తాను?"

"దాటితే?"

"పద, పద. మన గుంపు పేర్లు పిలుస్తున్నారు. కొత్తవాళ్లని ఆఖర్న పిలుస్తారు, ముందువాళ్లు ఎలా కాలుస్తున్నారో చూసి నేర్చుకో."

"దాటితే ఏం చేస్తారండీ?"

"చెవులకి ఆ డిప్పలు పెట్టుకో ముందు. రేపు చెవుడొస్తే మీ అమ్మ నన్ను తిడుతుంది."

మూడో స్టేజీ అయ్యేసరికి పదకొండు దాటింది. ఒకరు కాల్చగానే గుంపులో మిగతావాళ్లంతా వెళ్లి అట్టబొమ్మల చిల్లులకి బిళ్లలు అంటించి, పడిపోయిన ఇనప పలకలు నిలబెట్టాలి. ఈ పని ఎగ్గొట్టేవాణ్ణి ఇక్కడ ఎవరూ మనిషిగా లెక్కపెట్టరు, వాడు దేశానికి ఛాంపియనైనా సరే.

"ఈ కింది చిల్లు నాదేనా?"

"నీదే. దాని పక్కదీ నీదే. ఈ కర్రకి పడ్డదీ నీదే."

"కర్రకి పాయింట్లు లేవా?"

"కర్రకి పాయింట్లుంటే నీకివాళ కప్పు వచ్చేది. బిళ్ల సరిగ్గా అంటించు, అంచు లేస్తే తరవాతవాడి చిల్లనుకుంటారు."

"మూడయ్యాయి చీఫ్‌గారూ. నాన్న ఆగిపోయిన చోటు దాటేశాను."

"ఊఁ."

"ఊఁ ఏంటి? బాగా చేశావు అనరా?"

"బాగా చేశావు. వేలు బయటే ఉంది. నడక బాగుంది. నిదానంగా ఉన్నావు, అదే మంచిది. నిదానం నీకెక్కడిదో గాని, మా ఇంట్లో ఎవరికీ లేదు."

"నాన్నది. నాన్నంత నిదానస్తుణ్ణి నేను చూడలేదు. ఆయన నన్ను ఎత్తుకోలేదు, తెలుసా మీకు?"

"ఎత్తుకోకపోవడమేంటి?"

"పుట్టినప్పట్నించీ. అమ్మ చెప్పేది. పురిటి మంచం దగ్గర నర్సు అందిస్తే రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాట్ట. 'వద్దు, నా చేతుల్ని నమ్మకూడదు' అన్నాట్ట. మంచమ్మీద పడుకోబెడితే పక్కన కూర్చుని పాదం మీద ఒక్క వేలు ఆనించి ఉంచేవాడు. అంతే. నాకు ఊహ తెలిశాక అడిగాను, అందరి నాన్నలూ ఎత్తుకుని ఊరేగింపు చూపిస్తారు, నువ్వెందుకు ఎత్తుకోవని."

"ఏమన్నాడు?"

"స్టూలు తెచ్చాడు. దాని మీద నించోబెట్టాడు. తను పక్కన నించున్నాడు."

"ఆ పలక నిలబెట్టి వస్తాను, ఉండు."

"నిలబెట్టేశారు వాళ్లు. వినండి. మా సందులో అందరికీ మోటారు సైకిళ్లు. నాన్న నడిపేవాడు కాదు. బడికి గంటసేపు నడిపించి తీసుకెళ్లేవాడు, వానలో కూడా. నేను పక్కనుంటే చేప కోసేవాడు కాదు, కత్తి అమ్మకిచ్చేవాడు. ఎవరైనా నవ్వితే ఒకటే మాట. 'ఒకసారి ఈ చేతులు తప్పాయి. ఇంకొంచెముంటే మనిషి పోయేవాడు.' అదే మాట, ఇరవై రెండేళ్లు విన్నాను."

"జునా."

"పోనీ ఆయన చేతులేమైనా మొరటువా అంటే, కాదు. రేవు దగ్గర కొబ్బరాకు పొట్లాల్లో అన్నం అమ్మేవాడుగా. ఆ పొట్లాలు ఆయన అల్లుతుంటే జనం నిలబడి చూసేవాళ్లు. చూడకుండా అల్లేవాడు, మాట్లాడుతూ అల్లేవాడు. ఒక్క గింజ జారేది కాదు."

"తెలుసు."

"మీకెలా తెలుసు?"

"మీ నాయనమ్మ ప్రతి శనివారం రేవుకెళ్లేది. పది అన్నం పొట్లాలు తెచ్చేది. ఇంట్లో ఉండేది ఇద్దరం. పది ఎందుకే అని నేను అడగలేదు. ఎక్కడివే అనీ అడగలేదు. ముడి చూస్తే తెలిసేది. వాడికి చిన్నప్పుడు అల్లిక నేర్పింది మా అమ్మ, ఆ ముడి ఇంకెవరికీ రాదు."

"తినేవారా?"

"పదీ తినేవాళ్లం. ఆదివారం పొద్దునకి కూడా అవే. ఆవిడ పోయాక ఆగిపోయాయి."

"నాయనమ్మ పోయాక మీరు వెళ్లచ్చుగా, రేవుకి? ఇక్కడికి ఎంత దూరం? పావుగంట."

"వెళ్లచ్చు."

"మరి?"

"రెండుసార్లు వెళ్లాను. పడవల టిక్కెట్లు అమ్మే గది చాటున నించుని చూసి వచ్చేశాను."

"అంత పోట్లాట ఏమైంది మీ ఇద్దరికీ?"

"పోట్లాడలేదు."

"నేను నమ్మను."

"ఒట్టు. ఒక్క మాట అనుకోలేదు. ఆ రోజు ఇంటికొచ్చాను, వాడు లేడు. సంచి లేదు. నీళ్ల కుండ నింపి పెట్టి వెళ్లాడు."

"నాన్న కూడా అదే చెప్పాడు, పోట్లాడలేదని. మిమ్మల్ని ఎప్పుడూ తప్పు పట్టలేదు. అమ్మ తిట్టేది, 'కన్నకొడుకని కూడా చూడని మనిషి' అని. నాన్న ఊరుకునేవాడు కాదు. 'ఆయన చూశాడు, ఆయన కళ్లు తప్పవు' అనేవాడు."

"అలా అన్నాడా?"

"ఎన్నిసార్లో. 'నాకైతే దాటినట్టు తెలియలేదు. అందుకే అడిగాను, నిజంగా దాటిందా నాన్నా అని. దాటింది అన్నాడు. మా నాన్న అన్నాడంటే దాటినట్టే. నా చేతులేం చేస్తున్నాయో నాకే తెలియలేదంటే, అది ఇంకా భయం కదా?' అనేవాడు. ఏంటి, కళ్లు తుడుచుకుంటున్నారు?"

"సున్నపు దుమ్ము. గాలి ఇటు తిరిగింది."

"గాలి లేదు."

"నువ్వా బిళ్లల చుట్ట ఇటియ్యి. అయిపోవచ్చింది, కొత్తది తేవాలి."

"ఆ రోజు ఏం జరిగిందో మీ నోటితో చెప్పండి. క్లాసులో విన్నాను, నాన్న దగ్గర విన్నాను. మీరొక్కరే చెప్పలేదు."

"చెప్పడానికేముంది? పొద్దున్నే ఒకణ్ణి పంపించేశాను, డబ్బున్నవాడు, వేలు మీట మీద పెట్టుకుని పరిగెత్తాడు. వాడు పెట్టె సర్దుకుంటూ గట్టిగా అన్నాడు, 'మధ్యాహ్నం నీ కొడుకు దిగుతాడుగా పానో, అప్పుడు చూస్తాం నీ కళ్లు.' ఇంటికి పోకుండా అక్కడే కూర్చున్నాడు. వాడి వెంట ఇంకో ఇరవైమంది. అన్నాలు తినడం మానేసి గుంజల దగ్గర కూర్చున్నారు."

"తరవాత?"

"మీ నాన్న దిగాడు. నా చొక్కా వేసుకున్నాడు ఆ రోజు, వదులుగా ఉంది. మూడో స్టేజీ. ఎడమవైపు పరిగెడుతూ మేగజీన్ మారుస్తున్నాడు. ఆ ఇరవైమందీ ఒక్కసారి లేచి నించున్నారు. నేను ఆగు అన్నాను."

"అంతేనా?"

"అంతే. మీ నాన్న ఆగిపోయాడు. ఆ ఇరవైమందీ చప్పట్లు కొట్టారు. ఆ డబ్బున్నవాడు వచ్చి నా చెయ్యి పట్టుకుని ఊపాడు. మరుసటేడు నన్ను చీఫ్‌ని చేశారు."

"చీఫ్! నాలుగో స్టేజీకి రండి, అందరూ మీ కోసమే చూస్తున్నారు!"

"వస్తున్నా దెల్ఫా! పద జునా. ఇంకా రెండే ఉన్నాయి."

ఆఖరి స్టేజీ. దెల్ఫా స్కోర్లు రాసే మనిషి, ఈ క్లబ్బులో పానో అంత పాతది. అందరూ కాల్చేశారు, జునలిన్ ఒక్కతే మిగిలింది.

"భయంగా ఉంది చీఫ్‌గారూ."

"నాలుగూ భయం లేకుండా చేసి ఇప్పుడేం భయం?"

"ఇదొక్కటే మిగిలింది కదా, అందుకు."

"కుడి కిటికీలోంచి నాలుగు. ఎడమకి పరుగు, దారిలో మేగజీన్. ఎడమ కిటికీలోంచి నాలుగు, ఆఖర్న రెండు పలకలు. తొందరేం లేదు. నడిచినా చాలు. నిన్ను ఎవరూ తరమడం లేదు."

"నేనెవరో మర్చిపోండి. జునాని కాదు, ఎవరో కొత్త పిల్ల అనుకోండి."

"సరే. కొత్త పిల్లా, తూటాలు ఎక్కించుకుని సిద్ధంగా ఉండు."

"ఊఁ. సిద్ధం."

"నిలకడగా."

గడియారం కూసింది. ముప్పై ఒక్క సెకన్లలో ఆఖరి పలక పడింది.

"అయిపోతే తూటాలు తీసి చూపించు."

"ఖాళీ."

"కొండ వైపు మీట నొక్కు. ఒరలో పెట్టు. రేంజ్ ఖాళీ! దెల్ఫా, ముప్పై ఒకటి పాయింటు నలభై. రాసుకో."

"రాశాను. మొదటిసారికి ఏం తక్కువ కాదు చీఫ్. ఎవరి పిల్లో గాని గట్టిదే."

"మా పిల్లే."

"తాతా."

"ఏమన్నావు?"

"తాతా, మూతి దాటింది."

"ఏ మూతి?"

"నా తుపాకి మూతి. ఎడమకి పరిగెత్తేటప్పుడు. మేగజీన్ ఇరుక్కుంది, కిందికి చూశాను, ఒళ్లు తిరిగిపోయింది. గుంజ దాటి మీ వైపు వచ్చింది."

"నీకలా అనిపించింది. పరుగులో అలాగే అనిపిస్తుంది."

"అనిపించడం కాదు."

"ఏంటి చీఫ్, ఏమంటోంది పిల్ల?"

"ఏం లేదు దెల్ఫా, పాయింట్ల లెక్క అడుగుతోంది. అట్టలు చూసుకో నువ్వు, బిళ్లలు అంటించనియ్యి. జునా, ఇటు రా. చిన్నగా మాట్లాడు."

"ఎందుకు చిన్నగా?"

"నేను చూడలేదమ్మా. నిర్ణేత చూడనిది జరగనట్టే."

"మీరు చూశారు. కిందికి చూసినప్పుడు మీ కాళ్లు కనిపించాయి. మూతి తిరగ్గానే అవి ఒక్క అడుగు వెనక్కి వేశాయి. చూడనివాళ్లు వెనక్కి ఎందుకు వేస్తారు?"

"రాయి తగిలింది కాలికి."

"చదును చేసిన నేల ఇది. పొద్దున మీరే చీపురు పెట్టి ఊడ్పించారు."

"డెబ్బై రెండేళ్లవాణ్ణి. కళ్లు మునపటిలా లేవు."

"అయితే ఆ చొక్కా విప్పెయ్యండి, చీఫ్ అని వీపు మీద రాసుంది."

"జునా, ఇదిగో కాగితం. నా సంతకం పెట్టేశాను. కింద నువ్వు పెడితే అయిపోయినట్టే, ఇంకెవరూ అడగరు. అయిదూ పూర్తి చేశావు. ఎల్లుండి పట్టుకెళ్లు. మీ నాన్నకి చెప్పాల్సిన మాట చెప్పుకో."

"ఏమని? మన చేతులు మంచివే నాన్నా, నీ చేతులప్పుడు మీ నాన్న కళ్లు తెరుచుకున్నాడు, నా చేతులప్పుడు మూసుకున్నాడు అనా?"

"అలా కాదు."

"దొంగ కాగితం పట్టుకెళ్లి ఆయన గుండెల మీద పెట్టమంటారా?"

"దొంగ కాగితం కాదు. పుణ్యముంటుంది, సంతకం పెట్టు."

"పెట్టను."

"చీఫ్, అయిందా? ఇక్కడ అందరూ అన్నాలకి లేచిపోతున్నారు!"

"ఒక్క నిమిషం దెల్ఫా!"

"నాకర్థం కాలేదు తాతా. ఇంత సులువా? చూడనట్టు ఊరుకోవడం ఇంత సులువైతే, ఆ రోజెందుకు ఊరుకోలేదు నువ్వు? పందొమ్మిదేళ్లవాడు. నీ చొక్కా వేసుకుని వచ్చాడు. ఆయన మీద లేని జాలి నా మీద ఎక్కణ్ణించి వచ్చింది నీకు?"

"గట్టిగా అనకు."

"అంటాను! నువ్వు ఆ ఒక్క సెకను కళ్లు మూసుకుని ఉంటే నన్ను ఎత్తుకునేవాడు మా నాన్న. తెలుసా నీకు? నన్ను ఎత్తుకునేవాడు! పోయే రోజు ఆసుపత్రిలో నేను చెయ్యి పట్టుకుంటే విడిపించుకున్నాడు. 'దెబ్బ తగులుతుందమ్మా' అన్నాడు. సెలైను సూది గుచ్చిన చెయ్యి, లేపడానికి ఓపిక లేదు, ఆ చెయ్యి నాకు దెబ్బ తగిలిస్తుందట!"

"చాలు. చాలు తల్లీ."

"చాలదు. ఆయన శవపేటిక దగ్గర నువ్వు వంగి ఏదో చెప్పబోయావు. నేను చూశాను. అమ్మ పక్కకి రాగానే మానేశావు. ఏం చెప్పబోయావు?"

"ఏదో."

"అదిగో. ఏదో! ఎప్పుడూ ఏదో. సరే, నాకు నువ్వేం చెప్పక్కర్లేదు. ఒక్క పని చెయ్యి. నన్ను ఇంటికి పంపించు."

"నాకు చేతకాదు."

"అరవాలి నువ్వు. ఆగు అని అరువు. ఆయనకి అరిచినట్టే, అన్నాలకి పోయేవాళ్లంతా వెనక్కి తిరిగి చూసేలా. నా కాగితం చించెయ్యి. నేను పెట్టె సర్దుకుంటాను."

"నీకా కాగితం కావాలన్నావు. దాని కోసమే వచ్చానన్నావు."

"ఇప్పుడక్కర్లేదు. నువ్వు జాలిపడి ఇచ్చిన కాగితం నాకొద్దు. నాకు ఆయన పక్కన నించోవాలనుంది, అంతే. ఎల్లుండి ఒట్టి చేతుల్తో వెళ్తాను. 'నాన్నా, నావీ తప్పాయి. నీ ఒక్కడివే కాదు. నీ తప్పూ నా తప్పూ ఒకటే, అదే గుంజ, అదే ఎడమవైపు. సిగ్గుపడకు' అంటాను. అదైనా ఆయనకి మిగులుతుంది కదా. ఒంటరివాడు కాడు కదా."

"అలా చెప్పకు వాడికి."

"ఎందుకు చెప్పకూడదు?"

"వద్దమ్మా."

"ఎందుకు? ఇద్దరిదీ ఒకటే కదా?"

"కాదు."

"కాకపోవడమేంటి? నాదీ దాటింది. నువ్వు చూశావు. ఒప్పుకోవేం? చూశావా లేదా?"

"చూశాను."

"హమ్మయ్య. మరి అరవ్వేం?"

"జునా, ఇలా కూర్చో. చెయ్యి ఇటియ్యి. దెల్ఫా, నువ్వూ రా. వాళ్లనీ పిలువు, అన్నాలకి పోతున్నవాళ్లని. పిలువు, అందరూ వినాలి. ఇరవై నాలుగేళ్లు వినిపించిన కథేగా, మిగతాదీ వింటారు."

"ఏంటి తాతా? వాళ్లందరూ ఎందుకు?"

"నువ్వు దాటావు తల్లీ, నేను చూశాను. మీ నాన్న దాటలేదు. అదీ చూశాను."